మీ వీధిలో ఐదిళ్ల సహవాసం: ఎలా మొదలుపెట్టాలి, ఎలా నిలబెట్టుకోవాలి

హైదరాబాద్ వచ్చిన మొదటి ఏడాది నాకు టైఫాయిడ్ వచ్చింది. వరుసగా నాలుగు ఆదివారాలు చర్చికి వెళ్లలేకపోయాను. ఐదో ఆదివారం వెళ్లి ఎప్పుడూ కూర్చునే వైపే కూర్చున్నాను. పక్కనున్నాయన "వందనాలు బ్రదర్" అన్నాడు. నేనూ వందనాలు చెప్పాను. నెల రోజులు నేను రాలేదన్న సంగతి ఆయనకు తెలియదు. ఆయన పేరేంటో నాకూ తెలియదు.

ప్రకాశం జిల్లాలో మా ఊళ్లో అయితే ఒక్క ఆదివారం కనపడకపోతే చాలు, సాయంత్రానికల్లా సంఘ పెద్ద గారి భార్య మా గుమ్మంలో ఉండేది. "ఏరా, ఒంట్లో బాగోలేదా?" అని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది. ఆ రోజు చర్చి నుంచి బస్సులో తిరిగొస్తుంటే ఆ చెయ్యే గుర్తొచ్చింది. అయితే తప్పంతా ఆ సంఘానిదని నేను అనను. ఏడాదిపాటు వెళ్లాను గానీ నేనూ ఎవరి గుమ్మం తొక్కలేదు.

వాక్యం వినడానికి ఇప్పుడు ఫోన్ చాలు, పాటలకూ ఫోన్ చాలు. కానీ కొత్త నిబంధన మన చేత చేయించాలనుకునే పనుల్లో చాలా వాటికి ఎదుట మనిషి ఉండాలి. "ఒకని భారముల నొకడు భరించి" అనే మాట గదిలో ఒంటరిగా కూర్చుని నెరవేర్చలేం. రోమా పత్రిక 16వ అధ్యాయం చూడండి. పౌలు ఇరవై మందికి పైగా పేరుపేరునా వందనాలు చెబుతాడు. ప్రిస్కిల్ల, అకుల ఇంట్లో ఉన్న సంఘాన్ని తలుచుకుంటాడు. రూఫు తల్లి గురించి "ఆమె నాకును తల్లి" అంటాడు. ఆ తల్లి ఆయనకు ఎన్నిసార్లు అన్నం పెట్టి ఉంటుందో అని నాకు అనిపిస్తుంది.

ఊరు వదిలి సిటీకి వచ్చినవాళ్లు, ఒక కాలనీ నుంచి ఇంకో కాలనీకి మారినవాళ్లు, పెద్ద సంఘంలో ఉండి కూడా ఒంటరిగా ఉన్నవాళ్లు, మీ కోసం ఇది రాస్తున్నాను. మా కాలనీలో రెండు ఇళ్లతో మొదలైన ఇంటి ప్రార్థన కూడిక నడుపుతూ నేర్చుకున్నవే ఇవి.

ముందు ఒక సంఘంలో కుదురుకోండి

ఇంటి నుంచి అరగంటలో చేరగలిగే సంఘాన్ని చూసుకోండి. బోధ వాక్యానుసారంగా ఉందో లేదో చూడటం ఎంత ముఖ్యమో దూరం చూడటం కూడా అంతే ముఖ్యం. ఇరవై కిలోమీటర్ల అవతల ఉన్న చర్చికి ఆదివారం ఎలాగో వెళ్తారు. బుధవారం రాత్రి అక్కడ ఒకాయన ఆసుపత్రిలో చేరాడంటే వెళ్లగలరా? మీకు అవసరమొస్తే వాళ్లు రాగలరా?

ఊళ్లోని మీ పాత సంఘం నుంచి ఒక ఉత్తరం తెచ్చుకుంటే మంచిది. కొత్త పాస్టర్ గారికి మీరెవరో తెలుస్తుంది. మీ పాత పాస్టర్ గారికి కూడా మీరు ఎక్కడున్నారో తెలుస్తుంది.

రెండు మూడు ఆరాధనలు జరిగే చర్చి అయితే ప్రతి వారం ఒకే ఆరాధనకు వెళ్లండి, ఒకే వైపు కూర్చోండి. పది నిమిషాలు ముందు వెళ్లండి. ఆశీర్వాదం అయిన వెంటనే బండి తీయకుండా ఇరవై నిమిషాలు ఆగండి. వారానికి ఒక్క కుటుంబం పేర్లు తెలుసుకున్నా చాలు. పిల్లల పేర్లతో సహా ఫోన్‌లో రాసి పెట్టుకోండి. వచ్చే వారం ఆ పిల్లాడిని పేరు పెట్టి పిలిస్తే తల్లి ముఖంలో వచ్చే మార్పు మీరే చూస్తారు. కుర్చీలు సర్దడమో, చాపలు పరచడమో, ఏదో ఒక చేతి పని అడిగి తీసుకోండి. మాట కలవనివాళ్లకు కూడా పని మధ్యలో మాట కలుస్తుంది.

పాస్టర్ గారికి చెప్పే మొదలుపెట్టండి

ఇంటి కూడిక పెట్టాలని అనిపించగానే ముందు ఆయన దగ్గరికి వెళ్లండి. చెప్పకుండా మొదలైన కూడికలు ఆర్నెల్లు తిరగకుండా వేరు కుంపట్లు కావడం చాలామంది చూసే ఉంటారు. మూడు మాటలు స్పష్టంగా చెప్పండి: ఆదివారం ఆరాధన సమయంలో పెట్టం, కానుకలు పట్టం, మీకు తెలియకుండా బయటి ప్రసంగీకులను పిలవం. మా ఇంటికి నడిచి రాగలిగే దూరంలో మన సంఘస్థులు ఎవరున్నారో చెప్పమని అడగండి. మా కాలనీలో అలాంటివాళ్లు నాలుగు ఇళ్లలో ఉన్నారు. ఏడాదిపాటు ఒకే కిరాణా కొట్టులో సరుకులు కొనుక్కున్నాం, ఒకరికొకరం తెలియదు.

రెండు ఇళ్లు చాలు

మంది చేరాక మొదలుపెడదాం అనుకుంటే అది ఎప్పటికీ మొదలవ్వదు. ఒంగోలు వాళ్లకు ప్రార్థన కొండ తెలుసు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ కొండెక్కి ప్రార్థన చేసింది ఐదుగురే. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలైన జూయెట్ దంపతులు, వాళ్లతో ముగ్గురు తెలుగు విశ్వాసులు. కింద పట్నంలో వాళ్లకు సంఘమంటూ లేదు. ఇరవై నాలుగేళ్ల తర్వాత, 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంత పంట మన కూడికకూ వస్తుందని మాట ఇవ్వడానికి చెప్పడం లేదు. ఆ ఐదుగురు ఆరో మనిషి కోసం ఆగలేదు, అందుకు చెబుతున్నాను.

పిలవడానికి ఇంటికే వెళ్లండి. వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఆహ్వానం అందరికీ అందుతుంది గానీ ఎవరూ తమను పిలిచారని అనుకోరు. భార్యాభర్తలిద్దరూ ఉన్నప్పుడు వెళ్లి, "అన్నా, శనివారం రాత్రి ఏడున్నరకు మా ఇంట్లో కాసేపు కూర్చుని వాక్యం చదువుకుందాం, ప్రార్థన చేసుకుందాం. వదినగారిని, పిల్లల్ని కూడా తీసుకురండి" అనండి. ప్రసంగం ఉండదని, ఎనిమిది ముప్పావుకు ముగిస్తామని కూడా చెప్పండి. ఎప్పుడు అయిపోతుందో తెలియకపోతే మరుసటి రోజు డ్యూటీ ఉన్నవాళ్లు రావడానికి వెనకాడతారు.

రోజు, సమయం ఇంట్లో ఆడవాళ్లను అడిగి పెట్టండి. వంట, పిల్లల హోంవర్క్, మర్నాటి టిఫిన్‌కు పిండి రుబ్బుకోవడం, అన్నీ వాళ్ల మీదే ఉంటాయి. మగవాళ్లం కూర్చుని పెట్టిన టైమ్‌కు మొదటి రెండు వారాలు మగవాళ్లమే వచ్చాం.

ఆ గంటంపావు

కుర్చీలు వరుసగా వేయకండి. చాపలు పరిచి గుండ్రంగా కూర్చోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మాత్రం కుర్చీలు వేయండి. వరుసలు వేస్తే ముందు కూర్చున్న ఒకరు మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు. గుండ్రంగా కూర్చుంటే ఒకరి ముఖం ఒకరికి కనపడుతుంది.

రెండు మూడు పాటలు చాలు. అందరికీ వచ్చిన పాటలే పాడండి. కొత్త పాట నేర్పాలనుకుంటే నెలకొకటి. పిల్లల చేత ఒక పాట పాడించండి.

తర్వాత ఒక అధ్యాయం. మొదటి నాలుగు నెలలకు మార్కు సువార్త బాగుంటుంది, నాలుగు సువార్తల్లో అదే చిన్నది, కథ ఆగకుండా నడుస్తుంది. ఒక్కొక్కరు ఒక్కో వచనం చదవాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. కొందరికి చదువు రాదు, ఆ సంగతి నలుగురిలో బయటపడకూడదు. మా కూడికకు వచ్చే ఒకామె మొదటి రోజు తన వంతు వచ్చేసరికి కళ్లజోడు మర్చిపోయానంది. రెండో వారం కూడా అదే మాట. మూడో వారం నుంచి, చదవాలనుకున్నవాళ్లే చదవండి, మిగతావాళ్లు విని మనసుకు తగిలిన మాట చెప్పండి అన్నాం. నలుగురు మోసుకొచ్చిన పక్షవాయువు గలవాడి సంగతి చదివిన రోజు అందరికంటే ముందు ఆమే నోరు తెరిచింది. "ఆ మంచం మీదున్నాయన ఏం అడగలేదు కదా, మోసినోళ్ల నమ్మకం చూసే కదా ప్రభువు మాట్లాడాడు" అంది. ఇన్నేళ్లుగా విన్న భాగమే, నాకు మాత్రం ఆ రోజే అందింది.

చదవడం అయ్యాక రెండే ప్రశ్నలు. ఇందులో ప్రభువు గురించి ఏం తెలిసింది? ఈ వారం నేనేం చేయాలి? బాగా తెలిసినవాళ్లు ఒకరిద్దరు ప్రతి ప్రశ్నకూ పది నిమిషాలు చెబుతారు. వాళ్లను నలుగురిలో ఆపకండి. తర్వాత విడిగా కలిసి, "అన్నా, మీరు చివర్లో చెబితే మిగతావాళ్లకు ధైర్యం వస్తుంది" అని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు.

తినడానికి టీ, బిస్కెట్లు దాటకూడదని మొదటి రోజే నియమం పెట్టుకోండి. ఒకరింట్లో పకోడీలు, ఇంకొకరింట్లో కేసరి, వేరొకరింట్లో బిర్యానీ అయ్యేసరికి, ఒక్క గదిలో అద్దెకు ఉండే కుటుంబం "మా ఇంట్లో వద్దులెండి" అంటుంది. ఆ తర్వాత నెమ్మదిగా రావడం మానేస్తుంది.

ప్రార్థన పుస్తకం

ఈ ఒక్క పని మానకండి. వంద పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. పేజీకి నాలుగు గీతలు కొట్టి తేదీ, పేరు, మనవి, జవాబు అని రాయండి. ప్రార్థనకు ముందు ఒక్కొక్కరిని అడిగి రాయాలి. "కుటుంబం కోసం ప్రార్థించండి" అంటే ఆగి, ప్రత్యేకంగా ఏమైనా ఉందా అని నెమ్మదిగా అడగండి. మా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది: అబ్బాయికి ఎంసెట్ కౌన్సెలింగ్ గురువారం. అమ్మకు షుగర్ తగ్గడం లేదు. ఇంటివాళ్లు అద్దె రెండు వేలు పెంచారు. తమ్ముడు తాగుతున్నాడు.

వచ్చే వారం కూడిక పాటతో కాకుండా ఆ పుస్తకంతో మొదలుపెట్టండి. "గురువారం కౌన్సెలింగ్ అన్నారు కదా, ఏ కాలేజీ వచ్చింది?" అని అడగండి. అసలు సహవాసం అక్కడ పుడుతుందని నేను నమ్ముతాను. తను చెప్పింది ఎవరో రాసుకున్నారు, వారమంతా గుర్తుపెట్టుకున్నారు, ఇప్పుడు అడుగుతున్నారు అని తెలిసిన మనిషి ఇంకో వారం ఇంకాస్త లోపలి మాట చెబుతాడు. జవాబు వచ్చినవాటికి ఎదురుగా తేదీ వేయండి. రానివాటిని కొట్టేయకండి. తమ్ముడి గురించి మేం రాసిన వరుసలో జవాబు గడి ఇంకా ఖాళీగానే ఉంది. ప్రతి వారం చదువుతున్నాం.

చెప్పిన మాట గుమ్మం దాటకూడదు

"ఫలానా వాళ్ల కోసం ప్రార్థన చేయండి, వాళ్లింట్లో గొడవలంట" అని ఫోన్ చేస్తే అది ప్రార్థన మనవి కాదు. ఎంత భక్తిగా చెప్పినా చాడీయే. కూడికలో చెప్పింది చెప్పినవాళ్ల అనుమతి లేకుండా భార్యకో, భర్తకో, చివరికి పాస్టర్ గారికో కూడా చేరకూడదని మొదట్లోనే మాట అనుకోండి. ప్రాణానికి ప్రమాదం ఉందనుకున్నా, ఇంట్లో కొడుతున్నారని తెలిసినా, పసిపిల్లలకు హాని జరుగుతోందన్నా మాత్రం దాచకూడదు. వెంటనే సాయం పిలవాలి. ప్రార్థన చేద్దాంలే అని దెబ్బలు తినే మనిషిని మళ్లీ ఆ ఇంటికే పంపడం పాపం.

కొన్ని మాటలు గుంపులో రావు. ఆడవాళ్లు ఆడవాళ్లతో, మగవాళ్లు మగవాళ్లతో ఇద్దరిద్దరుగా పది నిమిషాలు ప్రార్థించుకునేలా నెలకోసారి ఏర్పాటు చేయండి. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు రాసింది అలాంటి చోటే వీలవుతుంది.

భారం మోయడానికి ముందే పంచుకోండి

కష్టం వచ్చాక "ఏదైనా అవసరమైతే చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు. ఎవరు ఏం చేయగలరో ముందే రాసి పెట్టుకోండి. కారు ఎవరికి ఉంది, ఆసుపత్రిలో రాత్రి తోడు ఎవరు ఉండగలరు, ఎవరిది ఏ బ్లడ్ గ్రూప్, స్కూల్ నుంచి పిల్లల్ని ఎవరు తీసుకురాగలరు.

మా కూడికలో ఒక చెల్లికి ఆపరేషన్ చేసి పాపను తీశారు. తల్లి లేదు, అత్తగారు ఊళ్లో మంచాన ఉంది. మా ఇంటామె, ఇంకో ముగ్గురు కలిసి ఒక కాగితం మీద పన్నెండు రోజులు రాసుకున్నారు. పొద్దున ఎవరు, మధ్యాహ్నం ఎవరు, రాత్రికి పాప దగ్గర ఎవరు అని. పథ్యం వంట ఒక్కొక్కరి ప్రాంతంలో ఒక్కో తీరు, వెల్లుల్లి కారం పెట్టాలా వద్దా అని రెండు రోజులు చర్చ జరిగింది. చివరికి డాక్టరమ్మనే అడిగారు. ఆ చెల్లి భర్త అంతకుముందు కూడికకు వచ్చేవాడు కాదు. పదమూడో రోజు టిఫిన్ క్యారియర్లు అన్నీ కడిగి, ఎవరిది వాళ్లకు ఇవ్వడానికి ఇంటింటికీ తిరిగాడు.

చావు గురించి కూడా ముందే తెలుసుకుని ఉండండి. సిటీలో మనవాళ్లు పోతే భూస్థాపనకు ఎక్కడ చోటు దొరుకుతుంది, సంఘం నుంచి ఏ ఉత్తరం కావాలి, ఊరికి తీసుకెళ్లాలంటే అంబులెన్స్ ఎవరిని అడగాలి అనేవి పాస్టర్ గారిని అడిగి రాసి పెట్టుకోండి. ఆ రాత్రి ఆ ఇంట్లోవాళ్లకు ఇవేవీ తోచవు. భూస్థాపన రోజున అందరూ వస్తారు. నెల తర్వాత ఒక సాయంత్రం ఆ ఇంటికి వెళ్లి ఊరికే కూర్చోవడం మీరు చేయండి. మాట్లాడకపోయినా పర్వాలేదు. "ఏడ్చువారితో ఏడువుడి" అన్నాడు పౌలు, ప్రసంగించండి అనలేదు.

డబ్బు విషయంలో గట్టిగా ఉండండి. కూడికలో చిట్టీలు వద్దు, వడ్డీ అప్పులు వద్దు, మనుషుల్ని చేర్పిస్తే డబ్బులొస్తాయనే స్కీములు అసలే వద్దు. అవసరంలో ఉన్నవాళ్లకు ఇవ్వాలనిపిస్తే తిరిగి రాదనుకునే ఇవ్వండి, నలుగురికీ తెలియకుండా ఇవ్వండి.

ఎవరింట్లో తింటున్నాం?

ఇది రాయకుండా తప్పుకోవచ్చు, కానీ మనసు ఒప్పుకోవడం లేదు. మన తెలుగు సంఘాల్లో కులం బాప్తిస్మపు నీళ్లలో పోలేదు. పెళ్లి సంబంధాల్లో కనపడుతుంది, కొన్ని ఊళ్లలో సమాధుల తోటలో కూడా కనపడుతుంది. కూడికలో అయితే ఎవరింట్లో పెట్టుకుంటున్నాం, ఎవరింట్లో టీ తాగకుండా "ఇప్పుడే తాగి వచ్చాం" అంటున్నాం అన్నదాంట్లో కనపడుతుంది.

తర్వాత రోజుల్లో డోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో మాట్లాడారు. మీరు మా కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మేం ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అని విదేశీ మిషనరీల ముందు నిలబడి అడిగారు. మేలు చేసినవాళ్లే పక్కన కూర్చోబెట్టుకోలేదన్న బాధ అది. హైదరాబాద్‌లో హెబ్రోను అనే ప్రార్థనా మందిరం నుంచి సేవ చేసిన భక్త్ సింగ్ గారి సంఘాల్లో ఆదివారం ఆరాధన తర్వాత అందరూ కింద కూర్చుని ప్రేమ విందు తినడం ఆనవాయితీ. ఆ బంతిలో పక్కన ఎవరు కూర్చుంటారో మనం ఎంచుకోం. అంతియొకయలో పేతురు అన్యజనుల, అంటే యూదులు కాని విశ్వాసుల, పంక్తి నుంచి పక్కకు జరిగినందుకు పౌలు అందరి ముందే నిలదీశాడని గలతీ పత్రిక 2వ అధ్యాయంలో చదువుతాం. పౌలు దాన్ని సువార్త సత్యానికి సంబంధించిన విషయంగానే చూశాడు.

కాబట్టి కూడిక వంతుల వారీగా అన్ని ఇళ్లలో జరగాలి. ఒక్క గది ఇంట్లో కూడా జరగాలి. చోటు చాలకపోతే గుమ్మం బయట చాపలు వేసుకోండి. ఆర్నెల్లకోసారి అందరూ కలిసి వండుకుని తినండి. వంట చేసే చేతులు, వడ్డించే చేతులు మారుతూ ఉండాలి.

మాట పట్టింపులు వచ్చినప్పుడు

తప్పకుండా వస్తాయి. వస్తే మత్తయి 18వ అధ్యాయం చెప్పిన వరుస తప్పకండి. ముందు మీరొక్కరే, అతనొక్కడే ఉన్నప్పుడు మాట్లాడండి. మెసేజ్ పెట్టకండి, వెళ్లండి. నేను ఒకసారి ఒక అన్న మీద కోపంతో మూడు వారాలు కూడికకు వెళ్లలేదు, ఏదో పని ఉందని చెప్పాను. చివరికి వెళ్తే ఆయనకు నా కోపం సంగతే తెలియదు. నాకు జబ్బు చేసిందేమో అనుకుని ఆ మూడు వారాలూ నా పేరు పుస్తకంలో రాయించాడట.

రానివాళ్లను లెక్కపెట్టండి

నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు, ఇళ్లలో పనికి వెళ్లే అక్కలు, భర్త నమ్మకపోవడం వల్ల బయటికి రాలేని ఆడవాళ్లు, పెళ్లికాని ఒంటరి వాళ్లు, ఒక్కళ్లే ఉండే ముసలివాళ్లు మన టైమ్‌కు కుదరరు. వాళ్ల కోసం ఇద్దరు వేరే సమయంలో వెళ్లి కూర్చోండి. భర్తకు ఇష్టం లేని ఇంటికి మాత్రం గుంపుగా వెళ్లి ఆమెను ఇబ్బందిలో పెట్టకండి. కూరగాయల బండి దగ్గర నిలబడి మాట్లాడినా సహవాసమే.

అపార్ట్‌మెంట్ అయితే పక్క ఫ్లాట్ల వాళ్లకు ముందే చెప్పండి. స్పీకర్ వద్దు, డోలక్ కూడా మెల్లగా. బండ్లు అడ్డంగా పెట్టకండి. వాళ్లు బయటికి వెళ్లేటప్పుడు మెట్ల దగ్గర మన చెప్పుల గుట్ట చూసి విసుక్కుంటే, మన ప్రార్థన గురించి వాళ్లకు గుర్తుండేది అదే.

ఎనిమిది ఇళ్లు దాటితే

అక్కడ రెండుగా విడిపోవాలి. కష్టంగా ఉంటుంది, అలవాటైన ముఖాలు వదలాలని ఎవరికీ ఉండదు. కానీ పదిహేను కుటుంబాలు చేరితే మళ్లీ వరుసల్లో కుర్చీలు వస్తాయి, మళ్లీ ఒకాయన రాలేదన్న సంగతి ఎవరికీ తెలియదు. నడిపించే పని నేర్చుకున్న ఒక జంటను ఆర్నెల్ల ముందు నుంచే సిద్ధం చేయండి, పాస్టర్ గారితో చెప్పి వాళ్లను పంపండి. పక్క వీధికి విడిపోయిన రోజు మేం కొత్త నోట్‌బుక్ ఒకటి కొని వాళ్ల చేతికిచ్చాం. మొదటి పేజీలో, పాత పుస్తకంలో జవాబు రాని మనవులన్నీ మా అమ్మాయి తన చేతిరాతతో ఎక్కించింది.